పిల్లల నాలుక – పెద్దల చెయ్యి
(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసల్లో కూర్చున్న చిన్నారులు మిఠాయి పొట్లాలు ఎప్పుడు పంచుతారా అని చూస్తున్నారు.

ఈ వేదిక మీద ప్రతి ఏటా చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళిళ్ళలో దుబారా గురించి పెద్దలు మాట్లాడుతూ వస్తున్నారు. ఈసారి మేము ఎన్నుకున్న విషయం వింటే కొందరికి నవ్వు రావచ్చు. ఆ విషయం చక్కెర. పిల్లలకు తీపి మీద ఉండే మక్కువ, ఆ మక్కువ పెద్దయ్యాక వదలని అలవాటుగా మారే తీరు.

మన సొసైటీకి వచ్చే వైద్య సహాయపు అర్జీలు చదివేవారికి మాత్రం ఇది నవ్వులాట కాదని తెలుసు. కాలి పుండు మానక వేలు తీయించుకున్న మేస్త్రీ ఒకరు. చూపు మందగించి కుట్టుమిషను పక్కన పెట్టేసిన ఆపా ఒకరు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళడానికి ఆటో కిరాయి కూడా చాలని కుటుంబం ఒకటి. వీరిలో ఎక్కువమంది వెనుక ఉన్న జబ్బు ఒకటే. దాన్ని మనవాళ్ళు "షుగరు" అంటారు. సరుకుకీ జబ్బుకీ ఒకే పేరు పెట్టుకున్నాం గాని, ఆ సరుకును మాత్రం ఇంకా శుభమనే పిలుస్తున్నాం.

2023లో భారత వైద్య పరిశోధన మండలి వారి దేశవ్యాప్త సర్వే ఫలితాలు వెలువడ్డాయి. మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నదనీ, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప దగ్గర నిలబడి ఉన్నారనీ ఆ సర్వే అంచనా వేసింది. ఈ జబ్బుకు చక్కెర ఒక్కటే కారణమని మేము చెప్పడం లేదు. వంశం, బరువు, నడక లేని జీవితం, పళ్ళెం నిండా అన్నం, అన్నీ కలిసి చేసే పని ఇది. అయితే వీటిలో వంశాన్ని మార్చుకోలేం. చెంచాను మార్చుకోగలం. అందుకే చెంచా గురించి మాట్లాడుతున్నాం.

ముందుగా పిల్లల పక్షాన నాలుగు మాటలు. తీపి కోరడం పిల్లల తప్పు కాదు. అప్పుడే పుట్టిన బిడ్డ నాలుక మీద ఒక్క తీపి చుక్క వేస్తే మొహం విప్పారుతుంది, పెదాలు చప్పరిస్తుంది. చేదు వేస్తే మొహం ముడుస్తుంది. ఎవరూ నేర్పక ముందే ఉన్న గుణం ఇది. తల్లిపాలే తియ్యగా ఉంటాయి. అడవిలో పండిన పండు తియ్యన, విషపు ఆకు చాలాసార్లు చేదు. బతకడానికి పనికొచ్చే తెలివిని సృష్టికర్త నాలుకలోనే పెట్టాడు. పైగా పెద్దలకంటే పిల్లలకు మరింత గాఢమైన తీపి నచ్చుతుందనీ, కౌమారం దాటుతుండగా ఆ ఇష్టం కొంత తగ్గుతుందనీ శాస్త్రజ్ఞులు పరీక్షించి చూశారు. కనుక చిన్నపిల్లవాడిని "తిండిపోతు" అని తిట్టి లాభం లేదు. వాడి నాలుక వాడి వయస్సు చెప్పినట్టు వింటున్నది.

మరి పూర్వం పిల్లలకు ఇదే నాలుక లేదా? ఉంది. మా ఈడు వారికి బాగా జ్ఞాపకం ఉంటుంది. చక్కెర రేషను కార్డు మీద తూచి ఇచ్చే సరుకు. ఇంట్లో అది నేమత్‌ఖానా పై అరలో ఉండేది. డబ్బా మూత తీసిన చప్పుడైతే చాలు, పిల్లలందరం నానీ చుట్టూ చేరేవాళ్ళం. వీధి చివర కొట్లో గాజు సీసాల్లో నిమ్మతొనలు, పిప్పరమెంట్లు, జీళ్ళు ఉండేవి. చేతిలో ఐదు పైసల బిళ్ళ పడితే అది పండుగ. పీచు మిఠాయి వాడు గంట కొట్టుకుంటూ వస్తే వీధి వీధంతా పరుగు. రంజాన్ పండుగ నాడు షీర్ ఖుర్మా, షబేబరాత్‌కు హల్వా, పెళ్ళిలో డబుల్ కా మీఠా లేక ఖుబానీ కా మీఠా. పిల్లవాడికి నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండినప్పుడు బిస్మిల్లా చేయించి లడ్డూలు పంచడం కొన్ని ఇళ్ళలో ఆచారం. అక్షరానికీ తీపికీ అలా ముడి వేశారు మన పెద్దలు.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఆ తీపికి ఒక రోజు ఉండేది, ఒక కారణం ఉండేది, అందరి మధ్య ఒక పంపకం ఉండేది. నాలుక ఎంత అడిగినా ఇంట్లో సరుకు లేదు. అప్పటివాళ్ళు గొప్ప నిగ్రహవంతులేమీ కారు. కరువే కాపలా కాసింది.

ఆ కాపలా ఎలా పోయిందో తెలియాలంటే చక్కెర కథ కొంచెం చెప్పుకోవాలి. చెరకు మొదట న్యూగినీ ద్వీపం నుంచి వచ్చినా, దాని రసం కాచి పలుకులుగా గడ్డకట్టించే విద్య మన దేశంలోనే వికసించింది. సంస్కృతంలోని శర్కర పారసీకంలో షకర్ అయింది, అరబ్బీలో సుక్కర్ అయింది, ఇంగ్లీషులో షుగర్ అయింది. ఖండ అనే మాట తిరిగి తిరిగి క్యాండీ అయింది. మనం కలకండ అనేదాన్ని ఉర్దూలో మిస్రీ అంటారు. మిస్ర్ అంటే ఈజిప్టు గనుక అది ఈజిప్టు సరుకు అన్నమాట. ఒకప్పుడు యూరపులో చక్కెరను మందుల అంగట్లో కొలిచి అమ్మేవారు. తరవాత తోటలు వచ్చాయి, ఆ తోటల్లో బానిసల చెమట వచ్చింది, మిల్లులు వచ్చాయి, ధర దిగింది. మన ప్రాంతంలోనే బోధన్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది, 2015 చివరిలో మూతపడింది. ఆ మిల్లు మూతపడింది గాని చక్కెర రాక తగ్గలేదు. కిరాణా కొట్టు నుంచి బస్టాండు దాకా, మందుల షాపు బల్ల మీద కూడా ఏదో ఒక రంగు కాగితంలో అది చేతికి అందుతున్నది. నాలుక పాతదే, అంగడి మారింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. తీపి మనిషిని నిజంగా పట్టుకుంటుందా, లేక ఇది మాట వరసకు అనడమేనా?

నాలుకకు తీపి తగలగానే మెదడులో డోపమిన్ అనే రసాయనం విడుదల అవుతుంది. "బాగుంది, మళ్ళీ కావాలి" అని గుర్తు పెట్టించే పనివాడు అది. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఎలుకల మీద ప్రయోగాలు చేశారు. రోజులో సగం సేపు తిండి లేకుండా ఉంచి, తరవాత తిండితో పాటు చక్కెర నీళ్ళు ఇచ్చేవారు. కొన్ని వారాలకు ఆ ఎలుకలు ఒక్కసారే విపరీతంగా తాగడం నేర్చుకున్నాయి. ఆపైన చక్కెర ఆపితే మత్తు మందు మానినప్పటి లక్షణాల వంటివి కనబడ్డాయి. వణుకు, పళ్ళు కొరకడం, బెదురు. అదే చక్కెర నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉన్న ఎలుకల్లో ఈ లక్షణాలు కనబడలేదు.

అలాగని చక్కెర సారాయి వంటిదే అని తీర్పు చెప్పడం సరికాదు. మానసిక వైద్యులు 2013లో సవరించిన వ్యసనాల పట్టికలో చక్కెర లేదు. మనిషి ఎలుక కాదు అని వాదించే శాస్త్రజ్ఞులూ ఉన్నారు. కాని ఆ ప్రయోగంలో మనకు పనికొచ్చే సంగతి ఒకటి ఉన్నది. కట్టడి, ఆకలి, ఆపైన ఒక్కసారిగా చక్కెర, ఈ వరసే తీపిని దెయ్యంలా మారుస్తుంది. కడుపు మాడ్చి తీపి మీద పడటం ఒక ప్రమాదం. పూర్తిగా తాళం వేసి, తరవాత తాళం తీసేయడం మరో ప్రమాదం.

ఈ రెండో దానికి సాక్ష్యం ఒక దేశ చరిత్రలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో చక్కెరకు, 1942 నుంచి మిఠాయిలకు కూడా రేషను పెట్టారు. 1949 ఏప్రిల్‌లో మిఠాయిల మీద రేషను తీసేశారు. జనం ఎగబడి కొన్నారు, సరఫరా చాలలేదు. ఆ ఏడాది ఆగస్టులోనే మళ్ళీ రేషను పెట్టవలసి వచ్చింది. చివరకు మిఠాయిల రేషను 1953 ఫిబ్రవరిలో, చక్కెర రేషను అదే ఏడు సెప్టెంబరులో ముగిశాయి. దాంతో మనిషికి రోజుకు సుమారు 40 గ్రాములున్న వాడకం కొద్దికాలంలోనే 80 గ్రాముల దాకా పెరిగింది.

ఈ కథకు రెండో భాగం 2024లో తెలిసింది. రేషను ముగియడానికి ముందూ, ముగిశాకా ఆ దేశంలో పుట్టిన 60 వేల మందికి పైగా మనుషుల ఆరోగ్య వివరాలను పరిశోధకులు పోల్చి చూశారు. తల్లి కడుపులో ఉన్నప్పుడూ, పుట్టిన తరవాత మొదటి రెండేళ్ళూ చక్కెర తక్కువగా ఉన్నవారికి, పెద్దయ్యాక మధుమేహం వచ్చే ప్రమాదం సుమారు 35 శాతం, రక్తపోటు ప్రమాదం సుమారు 20 శాతం తక్కువగా కనబడింది. వచ్చినవారికి కూడా మధుమేహం సగటున నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చింది. తల్లులారా, దీని అర్థం ఆలోచించండి. ఉగ్గుగిన్నెలో చక్కెర కలపాలా వద్దా అని మనం తీసుకునే చిన్న నిర్ణయం, ఆ బిడ్డ యాభయ్యో ఏట కూడా పనిచేస్తూ ఉంటుంది.

పళ్ళ సంగతి మరో దేశం నుంచి తెలిసింది. స్వీడన్‌లో విపెహోల్మ్ అనే మానసిక చికిత్సాలయంలో 1940లలో రోగులకు జిగురు టాఫీలు తినిపించి పళ్ళు ఎలా పాడవుతాయో పరీక్షించారు. నోరులేని రోగులను అలా వాడుకోవడం అన్యాయమని తరవాత లోకం గట్టిగా ఖండించింది, ఖండించడం న్యాయమే. ఆ అభాగ్యుల పళ్ళ ఖరీదుతో బయటపడిన నిజం ఏమిటంటే, ఎంత తీపి తిన్నాం అన్నదానికంటే రోజులో ఎన్నిసార్లు తిన్నాం, పళ్ళకు ఎంతసేపు అంటుకుని ఉంది అన్నదే ఎక్కువ హాని చేస్తుంది. తీపి తిన్న ప్రతిసారీ నోటిలోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చి, అరగంట దాకా పళ్ళను కొరుకుతూ ఉంటాయి. అందుకే ఆ దేశంలో శనివారం మిఠాయి అనే అలవాటు స్థిరపడింది. వారానికి ఒక్కరోజు, ఇంటిల్లిపాదీ కలిసి. పిల్లలకు ఆశా ఉంటుంది, హద్దూ ఉంటుంది. మన పాత పండుగ పద్ధతికి ఇది దగ్గరి చుట్టం కాదా?

ఇప్పుడు పెద్దల చెయ్యి దగ్గరకు వద్దాం. పిల్లవాడు పడ్డాడు, ఏడ్చాడు, చాక్లెట్. మార్కులు వచ్చాయి, చాక్లెట్. సూది వేయించుకున్నాడు, చాక్లెట్. అన్నం తినలేదు, సరే, తింటే ఐస్‌క్రీం. అమ్మీ వంటింట్లో పని చేసుకోవాలి, అందాకా బిస్కెట్ పొట్లం. మామూ ఊరి నుంచి వచ్చాడు, ఉత్త చేతులతో ఎలా వస్తాడు? ఏడుపుకూ చక్కెరే, గెలుపుకూ చక్కెరే, ప్రేమకూ చక్కెరే అయినప్పుడు పిల్లవాడి మనస్సు ఏం నేర్చుకుంటుంది? బాధ కలిగితే డబ్బా మూత తీయాలని నేర్చుకుంటుంది. నలభయ్యో ఏట ఆఫీసులో చీవాట్లు తిని, బండి ఆపి పావుకిలో జిలేబీ కట్టించుకునే మనిషి లోపల ఉన్నది ఆ పిల్లవాడే.

మన మర్యాద కూడా ఇందులో ఒక చెయ్యి వేస్తుంది. ముహ్ మీఠా చేయించనిదే శుభవార్త పూర్తి కాదు. షుగరున్న పెద్దమనిషి దావత్‌లో వద్దంటే ఊరుకుంటామా? "ఏం భాయ్, మా ఇంటి మీఠా ఒక్క ముద్ద తినకపోతే మా మీద కోపమనుకోవాలా?" అంటాం. ఆయన మొహమాటానికి తింటాడు. రాత్రి కాళ్ళు తిమ్మిరెక్కినప్పుడు పక్కన ఉండేది మనం కాదు, ఆయన భార్య. వద్దన్నవారిని రెండోసారి అడగకపోవడం కూడా ఒక మర్యాదే, నిజానికి అది పెద్ద మర్యాద.

ఇక లెక్క చెబుతాం, పొరుగున ఉన్న కిరాణా భాయి కూడా సరిచూడవచ్చు. రోజు మొత్తం శక్తిలో చక్కెర వాటా పదింట ఒక వంతుకు లోపు ఉండాలనీ, ఇరవయ్యింట ఒక వంతుకు దించితే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పైన కలుపుకునే చక్కెర రోజుకు 25 గ్రాములు మించరాదు. అంటే ఆరు చిన్న చెంచాలు. రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్ మూడుసార్లు తాగితే ఆ రోజు వాటా అయిపోయింది. రంగు కూల్‌డ్రింకుల్లో వంద మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాములు ఉంటుంది గనుక, పావు లీటరు సీసాతోనే పూర్తి వాటా చెల్లు. అయిదుగురున్న ఇంటికి నెలకు మూడుంబావు, మూడున్నర కిలోల చక్కెర వస్తున్నదంటే, బయట తిన్న బిస్కెట్లూ మిఠాయిలూ కలపక ముందే హద్దు దగ్గరికి వచ్చేశాం అన్నమాట. బెల్లం, తేనె, పండ్ల రసం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పండును పండుగా కొరికి తింటే మాత్రం ఈ లెక్కలోకి రాదు.

రంజాన్ నెల మనకు ఒక విషయం రుజువు చేస్తూ వస్తున్నది. మామూలు రోజుల్లో పది గంటలకు చాయ్ పడకపోతే తల పగిలిపోతుందనే మనిషి, ఆ నెలలో పదమూడు గంటలు నిబ్బరంగా ఉండగలుగుతున్నాడు. మొదటి మూడు నాలుగు రోజులు తలనొప్పి, తరవాత మామూలే. అంటే అలవాటు ఎంత గట్టిదైనా మనిషి దానికంటే గట్టివాడు. అయితే ఇఫ్తార్ వేళ ఖర్జూరంతో ఆగక, ఖాళీ కడుపు మీద గ్లాసు తరవాత గ్లాసు షర్బత్ పోస్తే పగలంతా సంపాదించినది సాయంత్రం పోగొట్టుకున్నట్టు. ఎలుకల కథ మరచిపోకండి. ముందు ఖర్జూరం, నీళ్ళు, తరవాత భోజనం. తీపి ఉంటే భోజనం చివర కొద్దిగా. షుగరుకు మందులు వాడేవారు ఉపవాసాలకు ముందే డాక్టరును అడిగి తీరాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక. చక్కెరను విషంగా చూడకండి. షుగరుకు ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారికి హఠాత్తుగా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే, స్పృహలో ఉన్నంతసేపూ ఆ క్షణాన వారికి చక్కెరే ప్రాణం. వెంటనే చక్కెర నీళ్ళు ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి చేర్చాలి. ఈ ముక్క ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి.

చివరగా మేము సభ ముందు ఉంచే సూచనలు. ఒకటి, రెండేళ్ళ లోపు బిడ్డల పాలలో, ఉగ్గులో చక్కెర కలపవద్దు. తెలియని రుచిని బిడ్డ అడగడు. రెండు, మిఠాయికి వారంలో ఒక రోజు పెట్టుకోండి, జుమా నాడైనా సరే, ఆదివారమైనా సరే. భోజనం తరవాత అందరూ కలిసి తినండి, ఆపైన నోరు కడిగించండి. మూడు, బహుమానం మార్చండి. మార్కులకు ఒక కథల పుస్తకం, ఏడుపుకు ఒళ్ళో చోటు. నాలుగు, చాయ్‌లో చక్కెర ఒక్కసారిగా మానకండి. పదిహేను రోజులకు అర చెంచా చొప్పున తగ్గించండి, నాలుక తెలియకుండానే సర్దుకుంటుంది. ఐదు, ఇది సొసైటీకి. మన సమావేశాలలో చాయ్ చక్కెర లేకుండా కాచి, చక్కెర వేరే గిన్నెలో పెట్టిద్దాం. కావలసినవారు చెంచాతో తామే వేసుకుంటారు. చెయ్యి చెంచా దగ్గరకు వెళ్ళినప్పుడైనా ఒక లెక్క మనస్సులో మెదులుతుంది. ఆరు, వైద్య శిబిరం పెట్టినప్పుడల్లా ముప్పై ఏళ్ళు దాటిన ప్రతివారూ రక్తపరీక్ష చేయించుకోవాలి. పరగడుపున 126 గాని అంతకు మించి గాని వస్తే అది మధుమేహపు గుర్తు, మళ్ళీ పరీక్షించి డాక్టరును కలవాలి. ఈ జబ్బు చాలాకాలం చప్పుడు చేయదు, అందుకే వెతికి పట్టుకోవాలి.

సోదరులారా, 2025 మే నెలలో కేంద్ర మాధ్యమిక విద్యా మండలి తన పాఠశాలల్లో చక్కెర లెక్కలు చూపే బోర్డులు పెట్టమని ఆదేశించింది. మంచి పని. కాని పిల్లవాడు చదివే మొదటి బోర్డు వాడి ఇంటి దస్తర్‌ఖాన్. దాని మీద ఏముందో, పెద్దలు ఎన్ని చెంచాలు వేసుకుంటున్నారో వాడు రోజూ చదువుతూనే ఉన్నాడు.

పిల్లల నుంచి తీపిని లాక్కోమని మేము అనడం లేదు. షీర్ ఖుర్మా లేని పండుగ మాకూ వద్దు. తీపికి దాని రోజును, దాని గౌరవాన్ని తిరిగి ఇద్దామని మాత్రమే అంటున్నాం. అర్జీల దొంతరలో వచ్చే ఏళ్ళలో డయాలసిస్ కాగితాలు తగ్గి, స్కాలర్‌షిప్ కాగితాలు పెరిగితే ఈ సొసైటీకి అంతకంటే తియ్యని వార్త ఉండదు.

ముందు వరుసలోని చిన్నారులూ, ఈరోజు పండుగే, మీ పొట్లాలు మీకు వస్తాయి. ఇంటికి వెళ్ళి భోంచేశాక అన్నదమ్ములతో పంచుకుని తినండి. పడుకునే ముందు పళ్ళు తోముకోండి.